ఓవెన్‌లో ఎఫ్3 ఎర్రర్: బోర్డు కొనే ముందు సెన్సర్ సంగతి తేల్చుకోండి

మీరు అడిగింది ఇదీ: ఓవెన్ వేశాక పది, పదిహేను నిమిషాలు బాగానే వేడెక్కుతోంది. తర్వాత బీప్ బీప్ మంటూ డిస్‌ప్లే మీద ఎఫ్3 అని వస్తోంది, వేడి ఆగిపోతోంది. మెయిన్ ఆపి గంట తర్వాత వేస్తే మళ్లీ మామూలే. చూడటానికి వచ్చినాయన ఒక్క స్క్రూ కూడా విప్పకుండా "కంట్రోల్ బోర్డు పోయింది, మార్చాల్సిందే" అన్నారు. బోర్డు ధర విన్నాక కొత్త ఓవెనే కొనేస్తే పోలా అనిపిస్తోంది. ఏం చేయమంటారు అని.

సూటిగా చెప్తానండి. ఇప్పుడప్పుడే ఆ బోర్డు, అంటే ఓవెన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ పలక, కొనకండి. మీరు చెప్పిన లక్షణాలకు నేను మొదట అనుమానించేది ఓవెన్ లోపలి టెంపరేచర్ సెన్సర్‌ని. తర్వాత దాని వైర్లను కలిపే కనెక్టర్‌ని, ఆ తర్వాత బోర్డు దాకా వెళ్లే వైరింగ్‌ని. బోర్డు వంతు వీటన్నిటి తర్వాతే. సెన్సర్ ఖరీదు బోర్డు ఖరీదులో చిన్న భాగం ఉంటుంది. మార్చడానికి స్క్రూడ్రైవర్ చాలు. కానీ అదీ ఊహించి కొనేయకండి, కొలిచి చూసి కొనండి. ఎలా కొలవాలో కింద చెప్తాను. మామూలు డిజిటల్ మల్టీమీటర్ (కరెంటు లెక్కలు కొలిచే చిన్న పరికరం) ఉంటే సరిపోతుంది.

అంతకంటే ముందు ఒక మాట. చాలామంది మైక్రోవేవ్‌నే ఓవెన్ అంటుంటారు. నేను చెప్పేదంతా ఎలిమెంట్లతో, అంటే కరెంటుతో కాలే కడ్డీలతో, వేడెక్కే మామూలు ఎలక్ట్రిక్ ఓవెన్ గురించి. మైక్రోవేవ్ అయినా, మైక్రోవేవ్ కూడా కలిసి ఉన్న కాంబినేషన్ రకం అయినా మూత విప్పొద్దు. అందులోని హై వోల్టేజ్ కెపాసిటర్ ప్లగ్ తీసేశాక కూడా ప్రాణం తీసేంత చార్జ్ దాచుకుని ఉండొచ్చు. అక్కడ ఇంట్లో రిపేర్ అనే మాటే లేదు.

ఇక అసలు విషయం. ఎర్రర్ కోడ్ రాగానే అందరూ బోర్డు పోయిందనుకుంటారు. కోడ్ చూపించేది బోర్డే కాబట్టి, ఉరిమి ఉరిమి మంగళం మీద పడ్డట్టు నింద దాని మీదే పడుతుంది. నిజానికి ఓవెన్ లోపల ఎంత వేడి ఉందో బోర్డుకు నేరుగా తెలియదు. సెన్సర్ నుంచి రెండు వైర్ల మీద వచ్చే రెసిస్టెన్స్ (కరెంటుకు ఎదురయ్యే అడ్డు, ఓమ్స్‌లో కొలుస్తారు) ఒక్కటే దానికి తెలుస్తుంది. ఆ అంకె అసాధ్యంగా కనిపిస్తే "నాకు సెన్సర్ దొరకడం లేదు" అని చెప్పి వేడి ఆపేస్తుంది. అంటే అది తన పని తాను సరిగ్గా చేస్తోందన్నమాట.

చాలా కంపెనీల పాత మోడళ్లలో ఎఫ్3 అంటే సెన్సర్ సర్క్యూట్ ఎక్కడో తెగింది అని. ఎఫ్4 అంటే అదే సర్క్యూట్ షార్ట్ అయింది అని. ఎఫ్2 అంటే లోపల వేడి హద్దు దాటింది అని. ఎఫ్1 అయితే బోర్డు లేదా బటన్ల ప్యానెల్. కానీ ఇది అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండదు. ఒకే కంపెనీలో కూడా మోడల్ మారితే అర్థం మారిపోవచ్చు. అందుకే మీ మోడల్ నంబరుతోనే కోడ్ అర్థం ఖాయం చేసుకోండి. నంబరు ప్లేటు సాధారణంగా తలుపు తీస్తే ఫ్రేమ్ అంచున కనిపిస్తుంది. ఇంకో చిట్కా: చాలా ఓవెన్లలో సర్వీస్ వాళ్ల కోసం కోడ్‌లూ వైరింగ్ బొమ్మా ఉన్న కాగితం మడిచి లోపలే పెడతారు. కంట్రోల్ ప్యానెల్ వెనకో, వెనక రేకు లోపలో, కింది డ్రాయర్ వెనకో ఉంటుంది. ఆ కాగితం దొరికితే సగం పని అయిపోయినట్టే. చూసుకున్నాక మళ్లీ అక్కడే పెట్టేయండి, తర్వాత వచ్చేవాడికి పనికొస్తుంది.

సెన్సర్ ఎలా ఉంటుందంటే, ఓవెన్ లోపల వెనక గోడ మీద, ఎక్కువగా పైమూలలో, పెన్సిల్ కంటే సన్నగా ఉండే స్టీలు గొట్టం ఒకటి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. అదే. దాని కొనలో ప్లాటినమ్‌తో చేసిన చిన్న రెసిస్టర్ ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, అదీ చాలా క్రమంగా. ఎక్కువ ఓవెన్లలో వాడేది పీటీ1000 అనే రకం. సున్నా డిగ్రీల దగ్గర సరిగ్గా 1000 ఓమ్స్ ఉంటుంది కాబట్టి ఆ పేరు. సెల్సియస్‌లో దాని లెక్క ఇలా ఉంటుంది:

25 డిగ్రీల దగ్గర 1097 ఓమ్స్
100 డిగ్రీల దగ్గర 1385 ఓమ్స్
150 డిగ్రీల దగ్గర 1573 ఓమ్స్
200 డిగ్రీల దగ్గర 1759 ఓమ్స్
250 డిగ్రీల దగ్గర 1941 ఓమ్స్

కొన్ని ఓవెన్లలో పీటీ500 ఉంటుంది. దానికి ఈ అంకెలన్నీ సగం చేసుకోండి. గది వేడిలో 550 దగ్గర చూపిస్తే సెన్సర్ పాడైందని కంగారు పడకండి, అది ఆ రకం అయి ఉండొచ్చు. ఈ రెండూ కాని రకాలూ ఉన్నాయి కాబట్టి ఆ కాగితంలో ఏం రాసి ఉందో అదే ప్రమాణం.

ఇప్పుడు మీ కేసుకు వద్దాం. చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ పనిచేస్తోందంటే సర్క్యూట్ ఎక్కడో వేడికి విడిపోతోంది. లోహం వేడికి సాగుతుంది, వదులుగా ఉన్న అతుకు అప్పుడు దూరం జరుగుతుంది. చల్లారితే మళ్లీ తగులుకుంటుంది. సెన్సర్ గొట్టం లోపల అతుకైనా కావచ్చు, వెనక గోడ అవతలి కనెక్టర్ అయినా కావచ్చు, బోర్డు మీద సోల్డర్ (పిన్నుల్ని బోర్డుకు అతికించే, కరిగించి పోసిన లోహం) అయినా కావచ్చు. ఈ మూడింటిలో ఏదో తేల్చాలి, అంతే.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు సరిగ్గా మీలాంటి కేసే వచ్చింది. సెన్సర్‌ని మీటర్‌తో చూశాను, 1100 దగ్గర నిలకడగా చూపించింది. సెన్సర్ బాగుంది కదా, ఇక బోర్డే అనుకున్నాను. బోర్డు తెప్పించి బిగించాను, ఓవెన్ వేశాను, బాగానే వేడెక్కుతోంది. సామాన్లు సర్దుకుని చేతులు కడుక్కుంటుంటే వెనక నుంచి బీప్. తిరిగి చూస్తే అదే ఎఫ్3. ఆ ఇంటావిడ ఏమీ అనలేదు గానీ నా మొహం చూడాల్సింది. నేను కొలిచింది చల్లటి సెన్సర్‌ని. తప్పు వచ్చేది వేడి సెన్సర్‌లో. రోగం ఉన్నప్పుడు కదా నాడి చూడాలి! అప్పట్నుంచి వేడి మీద వచ్చే తప్పును వేడి మీదే కొలుస్తున్నాను.

కొలిచే పద్ధతి చెప్తాను. ముందు మెయిన్ ఆపాలి. ఓవెన్ మీద ఆఫ్ బటన్ నొక్కితే సరిపోదు, దాని ఎంసీబీ (బ్రేకర్ స్విచ్) దించండి, ప్లగ్ ఉంటే పీకేయండి. ఆపాక కూడా లోపల కరెంటు లేదని మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. మీటర్ పనిచేస్తోందో లేదో ముందు కరెంటు ఉన్న సాకెట్ మీద చూసుకోవడం మంచిది. పాడైన మీటర్ కూడా సున్నానే చూపిస్తుంది కదా.

కంట్రోల్ ప్యానెల్ విప్పి బోర్డు దగ్గరకు వెళ్లండి. వైర్లు కదిలించే ముందు ఫోన్‌తో నాలుగైదు ఫొటోలు తీసుకోండి, దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి మిగతావి. సెన్సర్ నుంచి వచ్చే రెండు వైర్లు మిగతా వాటికంటే సన్నగా ఉంటాయి, చాలావరకు రెండూ ఒకే రంగు. వాటికి ప్లస్ మైనస్ తేడా లేదు. ఆ కనెక్టర్‌ని బోర్డు నుంచి లాగండి. లాగేటప్పుడు ప్లాస్టిక్ పట్టుకుని లాగండి, వైర్లు పట్టుకుని కాదు. మీటర్‌ని 2000 ఓమ్స్ రేంజ్‌లో పెట్టి ఆ రెండు పిన్నుల మధ్య చూడండి. గది వేడికి తగ్గట్టు 1080 నుంచి 1120 మధ్యలో వస్తే చల్లటి లెక్క సరిగా ఉన్నట్టు.

సెన్సర్ దగ్గర కాకుండా బోర్డు చివర కొలవమనడానికి కారణం ఉంది. ఇక్కడ కొలిస్తే సెన్సరూ, మధ్య కనెక్టరూ, మొత్తం వైరూ ఒకే రీడింగ్‌లో వచ్చేస్తాయి. బోర్డుకు ఏం కనిపిస్తోందో మీకూ అదే కనిపిస్తుంది.

రీడింగ్ చూస్తూనే రెండో చేత్తో వైర్లను అక్కడక్కడ మెల్లగా కదపండి. అంకె గెంతిందంటే దొంగ దొరికినట్టే. తర్వాత ఒక్కో పిన్నుకూ ఓవెన్ రేకు బాడీకీ మధ్య చూడండి. మీటర్ ఏమీ చూపించకూడదు, అంటే పూర్తిగా ఓపెన్ ఉండాలి. ఏదైనా అంకె వస్తే వైరు తొడుగు కరిగి ఎక్కడో రేకుకు తగులుతోందని అర్థం.

ఇప్పుడు అసలు పరీక్ష. కనెక్టర్ తిరిగి పెట్టి, ప్యానెల్‌ని చేతికి కరెంటు భాగాలేవీ తగలకుండా యథాస్థానంలో ఒకటి రెండు స్క్రూలతో ఆపి, ఓవెన్ వేయండి. ఎర్రర్ వచ్చేదాకా ఆగండి. వచ్చిన వెంటనే మెయిన్ ఆపి, చల్లారకముందే మళ్లీ అదే చోట కొలవండి. చేతికి గ్లౌజులు వేసుకోండి, రేకులు కాలుతుంటాయి. మీటర్ ఓపెన్ అని చూపిస్తే, అంటే ఎడమవైపు ఒక్క ఒకటి అంకో 'ఓఎల్' అనో వస్తే, తప్పు సెన్సర్ వైపు ఉంది. బోర్డుకు దోషం లేదు. 1500, 1600 ఇలా నిలకడగా చూపించి మెల్లగా దిగుతుంటే సెన్సర్ వైపు అంతా బాగుంది, అప్పుడు బోర్డును అనుమానించండి. మీ రేంజ్ 2000 దాకా ఉంటే 265 డిగ్రీలు దాటాక మంచి సెన్సర్ కూడా ఓపెన్ అన్నట్టే కనిపిస్తుంది, అది గుర్తుంచుకుని ఓవెన్‌ని 180 దగ్గరే పెట్టండి.

ఒక్కోసారి మీరు మూత విప్పి మీటర్ పెట్టేలోపే అతుకు తగులుకుని రీడింగ్ మామూలుగా వచ్చేస్తుంది. రెండోసారి చేసి చూడండి. అప్పటికీ తేలకపోతే సెన్సర్ ఒక్కటీ బయటకు తీసి పరీక్షించాలి.

తీయడం తేలికే. లోపల వెనక గోడ మీద రెండు స్క్రూలు ఉంటాయి. విప్పాక గొట్టాన్ని మెల్లగా ముందుకు లాగితే వైరూ, దాని చివర కనెక్టరూ కన్నంలోంచి వస్తాయి. విడదీసే ముందు గోడ వైపు నుంచి వచ్చే వైరుకు ఒక దారమో, బట్టల క్లిప్పో తగిలించండి. లేకపోతే కనెక్టర్ జర్రున వెనక్కి జారిపోయి గోడ అవతల పడుతుంది. అప్పుడు ఓవెన్ మొత్తం బయటకు లాగి వెనక రేకు విప్పాల్సి వస్తుంది. ఎన్నిసార్లు విప్పానో నాకే లెక్క లేదు.

సెన్సర్ కొనను మాత్రం, రెండు మూడు సెంటీమీటర్లు, మరిగే నీళ్లలో ముంచండి. వైర్ల వైపు తడి తగలకూడదు. రెండు నిమిషాల్లో 1385 దగ్గరకు వచ్చి ఆగాలి. ఎత్తు ప్రదేశాల్లో నీళ్లు 100 కంటే తక్కువకే మరుగుతాయి కాబట్టి కాస్త తక్కువ రావచ్చు. ఐసు నీళ్లలో పెడితే 1000 దగ్గర ఆగాలి. మధ్యలో గొట్టాన్ని గోటితో టక్ టక్ మని కొట్టండి, రీడింగ్ ఎగిరితే ఆ సెన్సర్ పని అయిపోయినట్టే. ఈ పరీక్ష పాసైనా 180 డిగ్రీలలో తెగే సెన్సర్లు ఉంటాయి, కాబట్టి ఫెయిలైతే ఖాయం, పాసైతే అనుమానం కొద్దిగా తగ్గినట్టు.

సెన్సర్ కంటే కనెక్టర్‌దే తప్పయిన కేసులూ చూశాను. ఒకటి బాగా గుర్తుంది. కనెక్టర్ పైకి చూస్తే కొత్తదానిలా ఉంది. విడదీసి లైటు కింద పెట్టి చూస్తే, రెండు పిన్నుల్లో ఒకటి వెండి రంగులో ఉంది, రెండోది కాలిన అగ్గిపుల్ల కొనలా నల్లగా ఉంది. అవతలి వైపు దాని మీద కూర్చునే గొట్టం నోరు తెరుచుకుని వదులైపోయింది. వైరు తొడుగు ఎండుపుల్లలా గట్టిపడింది. రెండు వేళ్లతో పట్టుకుని కాస్త వంచితే పటుక్కున విరిగింది. లోపల రాగి పోగులు ఎప్పుడో తెగిపోయాయి, ఇన్నాళ్లూ ఆ గట్టిపడ్డ తొడుగే రెండు కొసల్నీ ఎదురెదురుగా పట్టుకుని ఉంచింది. చల్లగా ఉన్నప్పుడు తగులుకునేవి, వేడికి విడిపోయేవి.

ఇలాంటి వైరును అతికేటప్పుడు ఒక జాగ్రత్త. మామూలు వైరు, మామూలు టేపు అక్కడ వాడకూడదు. సాధారణ పీవీసీ వైరు 70 డిగ్రీల దాకానే. వెనక గోడ అవతల అంతకంటే చాలా ఎక్కువ వేడి ఉంటుంది. గ్లాస్ ఫైబర్ తొడుగున్న వైరు, పింగాణీ కనెక్టర్ లేదా వేడిని తట్టుకునే క్రింప్ (వైర్లను నొక్కి కలిపే లోహపు తొడుగు) వాడండి. సోల్డరింగ్ కూడా వద్దు, మామూలు సోల్డర్ 190 డిగ్రీలలోపే కరిగిపోతుంది. చాలావరకు కొత్త సెన్సర్‌తో పాటు కొత్త వైరూ కనెక్టరూ వచ్చేస్తాయి.

మీకో ప్రశ్న. ఈ ఎర్రర్ మొదలయ్యే ముందు కొన్ని వారాలుగా ఓవెన్ సరిగా కాల్చడం లేదని, లోపల పచ్చిగా ఉండిపోతోందని అనిపించిందా? అనిపించి ఉంటే కనెక్టర్ మీద నా అనుమానం ఇంకా పెరుగుతుంది. తుప్పు పట్టిన అతుకు తనదంటూ కొంత రెసిస్టెన్స్ కలుపుతుంది. 200 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ అంటే 3.7 ఓమ్స్ తేడా. అతుకు 20 ఓమ్స్ కలిపిందంటే బోర్డు ఐదు డిగ్రీలకు పైగా మోసపోతుంది, 100 కలిపితే 27 డిగ్రీలు. లోపల ఉన్నదానికంటే ఎక్కువ వేడి ఉందనుకుని ముందే ఎలిమెంట్ ఆపేస్తుంది. చివరికి అతుకు పూర్తిగా విడిపోయినప్పుడే కోడ్ వస్తుంది.

సరే, వేడి మీద కొలిచినా సెన్సర్ వైపు అంతా బాగుందనుకోండి. అప్పుడు బోర్డు. అప్పుడు కూడా వెంటనే కొత్తది కొనేయాల్సిన పని లేదు.

ముందు కూలింగ్ ఫ్యాన్ చూడండి. గోడలో అమర్చే ఓవెన్లలో బోర్డును చల్లగా ఉంచడానికి పైన ఒక ఫ్యాన్ ఉంటుంది. తలుపు పైన సందులోంచి గాలి బయటకు కొడుతుంది, ఓవెన్ ఆపాక కూడా కాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఓవెన్ వేసిన కాసేపటికి ఆ సందు దగ్గర చెయ్యి పెట్టి చూడండి. గాలి రాకపోతే, లేదా ఫ్యాన్ గుర్రుమంటూ నీరసంగా తిరుగుతుంటే, బోర్డు ఉడికిపోతోందన్నమాట. బోర్డు వేడికి తప్పుడు కోడ్‌లు ఇవ్వడం మామూలే. ఇది చూసుకోకుండా కొత్త బోర్డు వేస్తే అదీ అదే దారి పడుతుంది. ఫ్యాన్ రెక్కల మీద జిడ్డూ దుమ్మూ పేరుకుని తిరగలేకపోతే శుభ్రం చేస్తే చాలు.

తర్వాత బోర్డును బయటకు తీసి మంచి వెలుతురులో తిప్పి చూడండి. స్థూపాకారపు కెపాసిటర్ల తలలు చదునుగా ఉండాలి, ఉబ్బితే పోయినట్టు. కాలిన వాసన, గోధుమరంగు మచ్చలు చూడండి. అన్నిటికంటే ముఖ్యంగా కింది వైపు రిలే పిన్నుల సోల్డర్ చూడండి. రిలే అంటే లోపల టిక్ టిక్ మని చప్పుడు చేసే నల్లటి పెట్టె, ఎలిమెంట్‌ను వేసి ఆపేది అదే. 230 వోల్టుల మీద 2000 వాట్ల ఎలిమెంట్ అంటే దాదాపు 8.7 ఆంపియర్లు ఆ పిన్నుల్లోంచే పోవాలి. వేడెక్కడం, చల్లారడం, రోజుకు ఎన్నోసార్లు. కొన్నేళ్లకు పిన్ను చుట్టూ సోల్డర్‌లో వెంట్రుకంత సన్నటి వలయం పగులుతుంది. కంటికి సరిగా కనపడదు. భూతద్దం పట్టుకుని బోర్డును అటూ ఇటూ వంచి చూస్తే, మెరుస్తున్న సోల్డర్ మధ్య పిన్ను చుట్టూ నల్లటి గీత ఉంగరంలా కనిపిస్తుంది. సెన్సర్ కనెక్టర్ పిన్నుల దగ్గర కూడా ఇదే చూడండి, ఎఫ్3కి ఎక్కువగా కారణమయ్యే పగులు అక్కడే ఉంటుంది. సోల్డరింగ్ అలవాటున్నవాళ్లు ఫ్లక్స్ పెట్టి, కొద్దిగా కొత్త సోల్డర్ కలిపి మళ్లీ కరిగిస్తే పది నిమిషాల పని. అలవాటు లేకపోతే టీవీ బోర్డులు బాగుచేసేవారి దగ్గరకు తీసుకెళ్లండి, వాళ్లకు ఇది రోజూ చేసే పనే.

రెసిస్టర్ పెట్టి బోర్డును పరీక్షించమని కొందరు చెప్తారు. సెన్సర్ బదులు 1100 ఓమ్స్ రెసిస్టర్ తగిలిస్తే బోర్డు దాన్ని గది వేడి అనుకుంటుంది, కోడ్ పోతే బోర్డు బాగున్నట్టు. పద్ధతి మంచిదే, కానీ వేయగానే వచ్చే కోడ్‌కే పనికొస్తుంది, మీలా వేడెక్కాక వచ్చేదానికి కాదు. పైగా ఆ రెసిస్టర్ ఉండగా పొరపాటున కూడా వేడి చేసే బటన్ నొక్కకూడదు. లోపల ఎంత వేడెక్కినా బోర్డుకు అది గది వేడిలాగే కనిపిస్తుంది, ఎలిమెంట్‌ను ఆపనే ఆపదు.

వేరే కోడ్‌లతో వచ్చేవాళ్ల కోసం క్లుప్తంగా. ఎఫ్1, లేదా బటన్ అతుక్కుపోయింది అనే కోడ్ వస్తే ముందు బటన్ల ప్యానెల్ నుంచి బోర్డుకు వెళ్లే చదును రిబ్బన్ కేబుల్ పీకి చూడండి. మెయిన్ వేసి కాసేపు ఆగాక కోడ్ రాకపోతే తప్పు బటన్ల వైపు, వస్తే బోర్డు వైపు. రిబ్బన్ కొనల మీద మసక ఉంటే పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పోతుంది. క్లీనర్ నేరుగా ప్యానెల్ మీద స్ప్రే చేసే ఇళ్లలో ఈ కోడ్ ఎక్కువ, తడి అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. గుడ్డ మీద స్ప్రే చేసి తుడవాలి. తలుపు లాక్ కోడ్‌లు ఎక్కువగా సెల్ఫ్ క్లీన్ (విపరీతమైన వేడితో లోపలి జిడ్డును కాల్చేసే సెట్టింగ్) చేశాక వస్తాయి. అప్పుడు లోపల వేడి 450 డిగ్రీలు దాటుతుంది, బలహీనంగా ఉన్న భాగాలన్నీ ఆ రోజే బయటపడతాయి. సెన్సరూ అంతే. ఏదైనా పని ఉన్న ముందు రోజు సెల్ఫ్ క్లీన్ పెట్టకండని అందరికీ చెప్తుంటాను, ఎవరూ వినరు.

ఎఫ్2 మాత్రం వేరే సంగతి. ఆఫ్ చేసినా ఓవెన్ వేడెక్కుతూ ఉంటే రిలే లోపల కాంటాక్టులు అతుక్కుపోయి ఉండొచ్చు. కోడ్ చెరిపేసి మళ్లీ వాడదామని చూడకండి. మెయిన్ ఆపేసి, రిపేర్ అయ్యేదాకా అలాగే వదిలేయండి.

చివరికి బోర్డే మార్చాల్సి వస్తే, ఓవెన్ మోడల్ నంబరుతో పాటు బోర్డు మీది స్టిక్కర్ నంబరు కూడా చివరి అక్షరం దాకా సరిపోవాలి. చూడటానికి ఒకేలా ఉండే బోర్డుల్లో సాఫ్ట్‌వేర్ వేరు. కొన్ని కొత్త మోడళ్లలో బోర్డు మార్చాక కంపెనీ వాళ్లు ప్రోగ్రామ్ చేస్తే గానీ పనిచేయదు, కొనే ముందే అడగండి. ఒకసారి బిగించిన ఎలక్ట్రానిక్ భాగాన్ని వెనక్కి తీసుకోవడానికి అమ్మేవాళ్లు సాధారణంగా ఒప్పుకోరు, నేను ఇంతగా కొలవమని చెప్పేది అందుకే. వారంటీ ఉంటే వీటిలో ఏదీ చేయకండి, సీలు తెగితే వారంటీ పోవచ్చు. గ్యాస్ ఓవెన్ అయితే సెన్సర్ కొలవడం వరకే మీ పని, గ్యాస్ వాల్వు, పైపు జోలికి వెళ్లొద్దు. ఓవెన్ వేయగానే ఇంట్లో లీకేజీ బ్రేకర్ పడిపోతుంటే అది ఈ కోడ్ సంగతి కాదు, ఎలిమెంట్‌లో తేమో, లీకేజీయో. దానికి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

వచ్చినాయన మీద కోపం పెట్టుకోకండి. వేడి మీద కొలవాలంటే ఎర్రర్ వచ్చేదాకా కూర్చోవాలి, రోజుకు పదిళ్లు తిరిగే మనిషికి అంత తీరిక ఉండదు. కానీ మళ్లీ పిలిస్తే "వేడి మీద సెన్సర్ ఎన్ని ఓమ్స్ చూపించింది?" అని అడగండి. కొలిచిన మనిషి అంకె చెప్తాడు.

మీరే చేస్తే గనక చల్లగా ఉన్నప్పటి రీడింగ్, ఎర్రర్ వచ్చిన వెంటనే తీసిన రీడింగ్, ఓవెన్ మోడల్ నంబరు ఇక్కడ రాయండి. తలుపు పైన గాలి వస్తోందో లేదో కూడా. ఆ నాలుగూ చూసి సెన్సర్ తెప్పించాలా, బోర్డు విప్పాలా చెప్తాను.